కొత్త లేత్‌కు వీఎఫ్‌డీ అమర్చడం: మోటారు కనెక్షన్, గేర్లు, స్టాప్ సర్క్యూట్

ఆకురాయి

సభ్యులందరికీ నమస్కారం. నేను కొత్తగా తెచ్చుకున్న లేత్ గేర్‌హెడ్ రకానిది, అంటే స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) వేగాన్ని హెడ్‌స్టాక్‌లోని గేర్లతో మార్చేది. దాని మోటారు మూడు ఫేజులది, 1.5 కిలోవాట్లు, నాలుగు పోళ్లు. నేమ్‌ప్లేట్ మీద 230 వోల్టులు డెల్టా, 400 వోల్టులు స్టార్, 50 హెర్ట్జ్, నిమిషానికి 1430 చుట్లు అని ఉంది. స్టార్, డెల్టా అన్నవి మోటారు వైండింగ్‌లను కలిపే రెండు పద్ధతులు; ఫ్యాక్టరీలో దానిని స్టార్‌లో కలిపి పంపారు. నా వర్క్‌షాపులో ఉన్నది 230 వోల్టుల సింగిల్ ఫేజ్ సరఫరా మాత్రమే కాబట్టి వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్‌ను మూడు ఫేజులుగా మార్చి, ఫ్రీక్వెన్సీతో మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) పెట్టక తప్పదు. ఎలాగూ పెడుతున్నాను కనుక వేగాన్ని మార్చుకునే వీలు కూడా పూర్తిగా వాడుకోవాలని ఉంది.

యంత్రంలో ఇంకా కూలెంట్ పంపు, దీపానికీ కాంటాక్టర్లకూ (విద్యుత్తుతో పనిచేసే స్విచ్చులు) 24 వోల్టులు ఇచ్చే కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్, క్యారేజ్ పక్కన ముందుకు–వెనక్కు తిప్పే లివర్, కాలితో నొక్కే బ్రేకు, ఎర్ర పుట్టగొడుగు ఆకారపు అత్యవసర స్టాప్ ఉన్నాయి. పనిముక్కను పట్టే చక్ క్యామ్‌లాక్ రకం, అంటే స్పిండిల్‌కు మరతో కాక క్యాములతో బిగిసేది. యంత్రానికి కరెంటు వచ్చే మెయిన్ స్విచ్ దగ్గరే డ్రైవ్‌ను కలిపేస్తే లోపలి వైరింగ్‌ను ముట్టుకోకుండా పని జరిగిపోతుందా? మోటారులో ఏం మార్చాలి? ఈ రెండింటితో మొదలుపెడదామని అనుకుంటున్నాను.

రాగితీగ

మీ నేమ్‌ప్లేట్ మీకు అనుకూలంగా ఉంది. సింగిల్ ఫేజ్ 230 తీసుకునే డ్రైవ్ బయటికి ఇచ్చేది కూడా గరిష్ఠంగా మూడు ఫేజుల 230 వోల్టులే తప్ప అంతకు మించి కాదు. అందువల్ల టెర్మినల్ పెట్టెలో స్టార్‌గా ఉన్న పట్టీలను తీసి డెల్టాగా మార్చాలి. మూడు టెర్మినళ్లను అడ్డంగా కలిపితే స్టార్, పై వరుసనూ కింది వరుసనూ నిలువుగా జతలు జతలుగా కలిపితే డెల్టా. మూత లోపలి వైపు సాధారణంగా బొమ్మ అచ్చువేసి ఉంటుంది, దానితో సరిచూసుకోండి.

స్టార్‌లోనే ఉంచి 230 ఇస్తే మోటారు తిరుగుతుంది కానీ పూర్తి బలం సుమారు 29 హెర్ట్జ్ దాకానే అందుతుంది. ఎందుకంటే మోటారులో అయస్కాంత క్షేత్రం వోల్టేజికీ ఫ్రీక్వెన్సీకీ ఉన్న నిష్పత్తి మీద ఆధారపడుతుంది. 400 వోల్టులకు 50 హెర్ట్జ్ అయితే 230 వోల్టులకు 28.75 హెర్ట్జ్. ఆ పైన వోల్టేజి పెరగడానికి చోటు లేక క్షేత్రం బలహీనపడుతుంది. ఇక నేమ్‌ప్లేట్ మీద 400 డెల్టా, 690 స్టార్ అని ఉన్న మోటారు ఎవరికైనా వస్తే దానికి ఈ మార్గం లేదు. మోటారును మార్చడమో, వేరే రకం డ్రైవ్ తీసుకోవడమో చేయాలి.

డెల్టాలో మీ మోటారు సుమారు 6 ఆంపియర్లు తీసుకుంటుంది. డ్రైవ్ ఎంచుకునేటప్పుడు కిలోవాట్ల అంకె కన్నా ఔట్‌పుట్ ఆంపియర్ల అంకెను ముందు చూడండి. ఇన్‌పుట్ వైపు కరెంటు ఇంతకు రెట్టింపు దాటుతుందని కూడా గుర్తుంచుకోవాలి. 1.5 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ డ్రైవ్ పూర్తి లోడ్ మీద 14 నుంచి 16 ఆంపియర్లు లాగడం మామూలే, కాబట్టి సరఫరా తీగ మందం, బ్రేకర్ రేటింగ్ దానికి తగ్గట్టు ఉండాలి.

పటకారు

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: మెయిన్ స్విచ్ దగ్గర డ్రైవ్ కలపకూడదు. ఎక్కువ మంది ఈ మార్గం వైపే మొగ్గు చూపుతారు, అందుకే కొంచెం విడమరిచి చెబుతాను.

డ్రైవ్ ఇచ్చేది సాధారణ సైన్ తరంగం కాదు. సెకనుకు వేల సార్లు తెరుచుకుని మూసుకునే వోల్టేజి పల్సుల వరుస. మోటారు వైండింగ్‌కు ఉన్న ఇండక్టెన్స్ వల్ల కరెంటు మాత్రం నునుపుగా వస్తుంది. ఆ పల్సులను కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇస్తే అది వేడెక్కుతుంది. పైగా మీరు వేగం తగ్గించడానికి ఫ్రీక్వెన్సీని 20కి దించితే వోల్టేజి కూడా దానితోపాటే పడిపోతుంది. అప్పుడు కాంటాక్టర్లు పట్టు వదులుతాయి, కూలెంట్ పంపు నీరసిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, యంత్రంలోని కాంటాక్టర్లు డ్రైవ్‌కూ మోటారుకూ మధ్యకు వచ్చేస్తాయి. మోటారు తిరుగుతుండగా అక్కడ కాంటాక్టర్ తెరుచుకుంటే ఆర్క్ పుడుతుంది. డ్రైవ్ పనిచేస్తుండగా మూసుకుంటే ఆగి ఉన్న మోటారు ఒక్కసారిగా పూర్తి ఫ్రీక్వెన్సీ మీదికి వచ్చి, డ్రైవ్ ఓవర్ కరెంట్ చూపించి ట్రిప్ అవుతుంది, లేదా అందులోని ట్రాన్సిస్టర్లు దెబ్బతింటాయి.

కాబట్టి నియమం ఒకటే: డ్రైవ్ ఔట్‌పుట్ నుంచి మోటారు టెర్మినళ్ల దాకా ఒకే అఖండమైన కేబుల్ ఉండాలి, మధ్యలో ఏ స్విచ్చూ ఉండకూడదు. మిగతావన్నీ విడిగా చూసుకోవాలి. కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి చాలాసార్లు 400తోపాటు 230 ట్యాపింగ్ కూడా ఉంటుంది. ఉంటే దానిని నేరుగా మెయిన్స్‌కు కలపండి. కూలెంట్ పంపు మూడు ఫేజులది అయితే సింగిల్ ఫేజ్ పంపుతో మార్చడం సులువు, చిన్న డ్రైవ్‌ను విడిగా పెట్టడం రెండో దారి. పాత కాంటాక్టర్లు, లివర్ స్విచ్చులు ఇక నుంచి డ్రైవ్ కంట్రోల్ టెర్మినళ్లకు సంకేతాలు మాత్రమే పంపాలి.

యంత్రం కొత్తది కనుక, లోపలి వైరింగ్ మార్చితే వారంటీ ఏమవుతుందో అమ్మినవారితో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి. వచ్చినప్పటి వైరింగ్ బొమ్మను భద్రపరచి, తీసే ప్రతి తీగకూ నంబరు వేయండి.

సమ్మెట

నాది కొంచెం భిన్నమైన సలహా. వీఎఫ్‌డీ వచ్చాక గేర్లు మార్చే అవసరమే ఉండకూడదని నా అభిప్రాయం. ఒక మధ్యస్థమైన గేరులో ఉంచేసి, 10 నుంచి 100 హెర్ట్జ్ దాకా నాబ్ తిప్పుకుంటే సరిపోతుంది. గేర్ల మోత తగ్గుతుంది, లివర్ల కోసం ఆపి ఆపి పనిచేయనక్కరలేదు. గేర్‌హెడ్ లేకుండా బెల్టు మీద నడిచే లేత్‌లకైతే ఇది మరీ బాగా కుదురుతుంది.

దాగలి

సమ్మెట గారితో నేను ఏకీభవించలేను, ఎందుకో లెక్కతో చెబుతాను.

మోటారు టార్క్ (తిప్పే బలం) కావాలంటే కిలోవాట్లను 9550తో గుణించి చుట్లతో భాగించాలి. 1.5 కిలోవాట్లు, 1430 చుట్లు అంటే 10 న్యూటన్ మీటర్లు. డ్రైవ్ ఫ్రీక్వెన్సీ తగ్గించినప్పుడు ఈ 10 అలాగే ఉంటుంది, పెరగదు. శక్తి మాత్రం వేగంతోపాటు పడిపోతుంది. మోటారు వేగానికే స్పిండిల్ తిరిగే గేరులో ఉంచి, డ్రైవ్‌తో స్పిండిల్‌ను 300 చుట్లకు దించారనుకుందాం. అప్పుడు మీ దగ్గర ఉన్నది 10 న్యూటన్ మీటర్లు, సుమారు 0.31 కిలోవాట్లు. అదే 300 చుట్లను మోటారును పూర్తి వేగంలో ఉంచి గేరు ద్వారా తెచ్చుకుంటే, గేర్లలో పోయే కొద్దిపాటి నష్టం పక్కన పెడితే, స్పిండిల్ దగ్గర 47 న్యూటన్ మీటర్లు, పూర్తి 1.5 కిలోవాట్లు ఉంటాయి.

ఇప్పుడు కోత వైపు చూద్దాం. 60 మిల్లీమీటర్ల మెత్తటి ఉక్కు కడ్డీ మీద 2 మిల్లీమీటర్ల లోతు, చుట్టుకు 0.2 ఫీడ్ పెట్టారు. పొట్టు అడ్డుకోత వైశాల్యం 0.4 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకు సుమారు 2000 న్యూటన్లు అనుకుంటే కోత బలం 800 న్యూటన్లు. వ్యాసార్ధం 30 మిల్లీమీటర్లు కనుక కావలసిన టార్క్ 24 న్యూటన్ మీటర్లు. ఇది భారీ కోత కాదు, 300 చుట్ల దగ్గర కోత వేగం నిమిషానికి 56 మీటర్లే. గేరులో అయితే యంత్రం దీనిని అనాయాసంగా లాగుతుంది. నాబ్‌తో అయితే టూలు పనిముక్కలో దిగబడి స్పిండిల్ ఆగిపోతుంది, కార్బైడ్ టూలైతే అంచు విరుగుతుంది.

గేర్లు ఉన్న యంత్రంలో వీఎఫ్‌డీ పని గేర్లను తొలగించడం కాదు, రెండు గేర్ల మధ్య ఉన్న ఖాళీని పూరించడం. నేను సూచించే పరిధి 25 నుంచి 65 హెర్ట్జ్. దగ్గరలో ఉన్న గేరు వేసుకోండి, చివరి సర్దుబాటు నాబ్‌తో చేయండి.

సమ్మెట

లెక్క సరిగానే ఉంది. అయితే రెండు విషయాలు దానిలో రాలేదు. మొదటిది, ఈ కాలపు సెన్సర్‌లెస్ వెక్టార్ డ్రైవ్‌లు (వేగం కొలిచే సెన్సర్ లేకుండానే మోటారును అదుపు చేసేవి) ఒక నిమిషం పాటు 150 శాతం టార్క్ ఇస్తాయి, చాలా తక్కువ ఫ్రీక్వెన్సీలో కూడా మోటారు పట్టు సడలనివ్వవు. రెండవది, అందరూ 60 మిల్లీమీటర్ల ఉక్కు తిప్పరు. అల్యూమినియం, ఇత్తడి, 20 మిల్లీమీటర్ల లోపు కడ్డీలే ఎక్కువగా చేసేవారికి ఆ 10 న్యూటన్ మీటర్లు చాలు. వారికి గేరు మార్చకుండా వేగం మార్చడం నిజమైన సౌకర్యం. పెద్ద పని కూడా కావాలంటే మోటారును 2.2 కిలోవాట్లకు పెంచవచ్చు.

దాగలి

చిన్న వ్యాసాల విషయంలో మీరు చెప్పినది ఒప్పుకుంటాను. 20 మిల్లీమీటర్ల కడ్డీకి అదే కోతలో 8 న్యూటన్ మీటర్లు చాలు. కానీ 2.2 కిలోవాట్ల మోటారు పెట్టినా టార్క్ 15కి చేరుతుంది తప్ప 24కి చేరదు. 150 శాతం వాడితే ఒక్క నిమిషం దాకా 22. గేరు లివర్ ఒక్కటి తిప్పితే ఉచితంగా దొరికే 47ను వదులుకోవడానికి నాకు కారణం కనబడదు. పైగా మోటారు పెరిగితే ఫ్రేమ్ పెరుగుతుంది, షాఫ్ట్ 24 నుంచి 28 మిల్లీమీటర్లకు మారుతుంది, పుల్లీ, బిగించే పలక అన్నీ మార్చాలి.

నాబ్ నిజంగా విలువైనదయ్యే పనులు వేరే ఉన్నాయి. ఫేసింగ్ (పనిముక్క ముఖాన్ని చదును చేయడం) చేసేటప్పుడు 100 మిల్లీమీటర్ల అంచు దగ్గర నిమిషానికి 100 మీటర్ల కోత వేగం కావాలంటే 318 చుట్లు. 20 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి అదే వేగానికి 1590 చుట్లు కావాలి. పరిధి అంతా ఒక గేరులో అందకపోయినా, టూలు లోపలికి జరుగుతుండగా నాబ్ పెంచుతూ పోతే ఉపరితలం మధ్య దాకా ఒకే తీరులో వస్తుంది. పార్టింగ్‌లోనూ (పనిముక్కను కోసి వేరుచేయడం), సన్నని పొడవు కడ్డీల మీదా చాటర్ మొదలైనప్పుడు వేగాన్ని పది శాతం అటో ఇటో జరిపితే ఆ కంపనం తరచుగా ఆగిపోతుంది. గేర్లతో పది శాతం జరపడం సాధ్యం కాదు. వీఎఫ్‌డీని నేను అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకునేది ఈ ఒక్క గుణానికి.

రాగితీగ

వేగ పరిధి గురించి మోటారు వైపు నుంచి కూడా కొన్ని మాటలు చెప్పాలి. మీ మోటారు ఫ్యాన్ దాని షాఫ్ట్ మీదనే ఉంటుంది. 20 హెర్ట్జ్ దగ్గర వీచే గాలి చాలా తక్కువ, వైండింగ్‌లో కరెంటు మాత్రం కోత బరువును బట్టి పూర్తిగా ఉండవచ్చు. డ్రైవ్‌లోని ఓవర్‌లోడ్ లెక్క కరెంటును బట్టి ఊహించేదే తప్ప వేడిని కొలిచేది కాదు. ఫ్యాన్ లేని తక్కువ వేగాన్ని పరిగణించే సెట్టింగ్ ఉంటే దానిని తప్పక ఎంచుకోండి. ఎక్కువసేపు తక్కువ వేగంలో నడపవలసి ఉంటే మోటారు వెనక వేరే మోటారుతో నడిచే ఫ్యాన్ అమర్చడం ఉత్తమం. వైండింగ్‌లో పీటీసీ థర్మిస్టర్ తీగలు ఉంటే వాటిని డ్రైవ్‌కు కలపండి, అది నిజమైన వేడిని చూస్తుంది.

50 హెర్ట్జ్ పైన మరో పరిమితి వస్తుంది. వోల్టేజి 230 దగ్గరే ఆగిపోతుంది కనుక టార్క్ ఫ్రీక్వెన్సీకి విలోమంగా తగ్గుతుంది. మోటారు ఇక నిలవలేక ఆగిపోయే గరిష్ఠ టార్క్ అయితే వర్గానికి విలోమంగా పడిపోతుంది: 75 హెర్ట్జ్ దగ్గర అది మొదటి విలువలో 44 శాతమే. సమ్మెట గారు చెప్పిన 100 హెర్ట్జ్ దగ్గర నాలుగో వంతు. మోటారు బేరింగుల, రోటార్ బ్యాలెన్స్ పరిమితి తయారీదారు పత్రంలో చూడకుండా 65–70 దాటవద్దని నా సలహా.

ఇన్సులేషన్ గురించి భయపడేవారికి ఒక మాట: 230 తరగతి డ్రైవ్‌లో డీసీ బస్ (డ్రైవ్ లోపల సరఫరాను డీసీగా మార్చి ఉంచే భాగం) వోల్టేజి సుమారు 325. కేబుల్ పొడవుగా ఉంటే పల్సు మోటారు చివర తిరిగి ప్రతిఫలించి రెట్టింపు దాకా పెరగగలదు. లేత్‌లో కేబుల్ రెండు మూడు మీటర్లకు మించదు, 400 వోల్టులకు చేసిన కొత్త మోటారుకు ఇది ఇబ్బంది కాదు.

ఆకురాయి

ఎంతో ఓపికగా వివరించినందుకు అందరికీ కృతజ్ఞతలు. గేర్లను వాడుతూ 25 నుంచి 65 హెర్ట్జ్ మధ్య ఉండాలనే నిర్ణయానికి వచ్చాను. మోటారును డెల్టాకు మారుస్తాను. ఇప్పుడు నాకు తేలనిది కంట్రోల్ వైపు. లివర్, కాలి బ్రేకు, అత్యవసర స్టాప్, చక్ రక్షక కవచం స్విచ్, పుల్లీ మూత స్విచ్ ఇన్ని ఉన్నాయి. వీటిలో ఏది డ్రైవ్‌కు సంకేతం పంపాలి, ఏది కరెంటునే తెంచాలి?

పటకారు

ఈ చర్చలో అతి ముఖ్యమైన ప్రశ్న ఇది. నాబ్ తప్పుగా కలిపితే వేగం తప్పుతుంది. స్టాప్ తప్పుగా కలిపితే చెయ్యి పోతుంది.

ముందుగా లివర్. డ్రైవ్‌లో రెండు తీగల పద్ధతి (కాంటాక్ట్ మూసి ఉన్నంతసేపు నడిచేది), మూడు తీగల పద్ధతి (ఒక నొక్కుతో మొదలై స్టాప్ నొక్కేదాకా నడిచేది) అని ఉంటాయి. లివర్ ముందుకు ఉన్నంతసేపు కాంటాక్ట్ మూసి ఉంటుంది కనుక రెండు తీగల పద్ధతి సహజంగా సరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ లివర్ ముందుకు ఉండగా కరెంటు పోయి తిరిగి వస్తే స్పిండిల్ దానంతట అదే బయలుదేరకూడదు. మీ యంత్రంలో మొదట ఉన్న నో–వోల్ట్ రక్షణ ఆ పనే చేసేది. దానిని తీసేసి బదులు పెట్టకపోతే యంత్రం వచ్చిననాటి కన్నా ప్రమాదకరంగా తయారవుతుంది. పచ్చ బటన్ నొక్కితే పట్టుకుని నిలిచే కంట్రోల్ రిలేను 24 వోల్టుల మీద ఉంచండి. కవచం స్విచ్, పుల్లీ మూత స్విచ్, స్టాప్ బటన్ ఇవన్నీ ఆ రిలే పట్టుకునే దారిలో వరుసగా రావాలి. లివర్ మధ్యలో ఉందని చెప్పే కాంటాక్ట్ పచ్చ బటన్‌తో కలిసి మొదటి నొక్కుకు మాత్రమే అవసరం, తర్వాత రిలే సొంత కాంటాక్ట్ దానిని దాటవేస్తుంది. రిలే పట్టుకున్నప్పుడే లివర్ సంకేతాలు డ్రైవ్‌కు చేరాలి. డ్రైవ్‌లో కరెంటు వచ్చిన వెంటనే స్టార్ట్ కాకుండా ఆపే సెట్టింగ్ ఉంటే దానిని కూడా అమలుచేయండి, కానీ దాని మీదే ఆధారపడవద్దు.

అత్యవసర స్టాప్ విషయంలో ఐఈసీ 60204-1 ప్రమాణం చెప్పే తేడా తెలుసుకోవాలి. సున్నా వర్గపు స్టాప్ అంటే మోటారుకు శక్తిని తక్షణం తెంచడం. ఒకటో వర్గం అంటే డ్రైవ్ శక్తితో బ్రేకు వేసి నిలిపి, నిలిచాక శక్తిని తెంచడం. బరువైన చక్‌తో వేగంగా తిరిగే స్పిండిల్‌కు కరెంటు మాత్రమే తెంచితే అది చాలాసేపు సొంతంగా తిరుగుతూనే ఉంటుంది. అందువల్ల బ్రేకింగ్ రెసిస్టర్ (ఆపేటప్పుడు తిరిగి వచ్చే శక్తిని వేడిగా మార్చేది) ఉన్న డ్రైవ్‌తో ఒకటో వర్గపు స్టాప్ లేత్‌కు మేలు: పుట్టగొడుగు బటన్ నొక్కగానే డ్రైవ్‌కు వేగంగా ఆపమనే సంకేతం వెళుతుంది, ఆలస్య కాంటాక్ట్ ఉన్న సేఫ్టీ రిలే కొద్ది క్షణాల తర్వాత డ్రైవ్‌లోని ఎస్‌టీఓ (సేఫ్ టార్క్ ఆఫ్) టెర్మినళ్లను తెరుస్తుంది. ఎస్‌టీఓ తెరిస్తే డ్రైవ్ టార్క్ పుట్టించలేదు. అయితే టెర్మినళ్ల మీద వోల్టేజి మాత్రం పోదు. చక్ మార్చడానికి అది చాలు, వైరింగ్ ముట్టుకోవడానికి మెయిన్ ఐసొలేటర్ తెరవాల్సిందే. తెరిచాక కూడా లోపలి కెపాసిటర్లు ఖాళీ కావడానికి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, డీసీ బస్ మీద మీటరు పెట్టి చూడండి.

మామూలుగా ఆపడానికి ఇన్‌పుట్ కాంటాక్టర్‌ను వాడకండి. మాటిమాటికీ ఇన్‌పుట్ వేసి తీస్తుంటే కెపాసిటర్లను నింపే రెసిస్టర్ వేడెక్కి పాడవుతుంది.

ఇక కాలి బ్రేకు. ఇది తేలికగా మరిచిపోయే అంశం. పెడల్ నొక్కినప్పుడు డ్రైవ్ ఇంకా తన లెక్క ప్రకారం నెమ్మదిగా వేగం తగ్గిస్తుంటే బ్రేకు ప్యాడ్లూ మోటారూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. పెడల్ స్విచ్‌ను డ్రైవ్‌లో "స్వేచ్ఛగా వదిలేయి" అనే అర్థం ఉన్న ఇన్‌పుట్‌కు కలపండి, అప్పుడు డ్రైవ్ వెంటనే పట్టు వదులుతుంది, ఆపే పని పెడల్‌దే అవుతుంది. పెడల్ వదలగానే స్పిండిల్ మళ్లీ తిరగకుండా అదే స్విచ్ కంట్రోల్ రిలేను కూడా వదిలించాలి.

దాగలి

బ్రేకింగ్ సమయం పెట్టేటప్పుడు స్పిండిల్ మీద ఏముందో ఆలోచించాలి. తిరిగే చక్‌లో నిలవ ఉన్న శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. 750 చుట్ల నుంచి ఆపడం కన్నా 1500 నుంచి ఆపడానికి నాలుగింతల శక్తిని ఎక్కడో వదిలించుకోవాలి. రెసిస్టర్ లేకుండా ఆపే సమయం తక్కువగా పెడితే ఆ శక్తి డీసీ బస్‌లోకి వచ్చి, 230 తరగతి డ్రైవ్‌లో వోల్టేజి 400 దగ్గరికి చేరగానే ఓవర్ వోల్టేజి ట్రిప్ వస్తుంది. ట్రిప్ అంటే బ్రేకు పోయి స్పిండిల్ స్వేచ్ఛగా తిరగడమే. అందుకే పెద్ద చక్, ఎక్కువ వేగం పరిస్థితిలోనే పరీక్షించి సమయం పెట్టుకోండి. రెసిస్టర్ ఓమ్ విలువ మాన్యువల్‌లో ఇచ్చిన కనిష్ఠానికి తగ్గకూడదు, అది బాగా వేడెక్కుతుంది కనుక పొట్టు, నూనె పడని చోట ఉండాలి.

ఆకురాయి గారి చక్ క్యామ్‌లాక్ కనుక వేగంగా ఆపినా, వెనక్కు తిప్పినా ఊడదు. ఇది చదివే వారిలో ఎవరికైనా మరతో బిగించే చక్ ఉంటే ఇదే సెట్టింగ్ ప్రమాదం: స్పిండిల్ హఠాత్తుగా ఆగితే చక్ తన జోరులో మర విప్పుకుని ఊడి వస్తుంది. వారు ఆపే సమయాన్ని ఎక్కువగా ఉంచాలి, వెనక్కు తిప్పి కోయకూడదు.

గేర్‌హెడ్ విషయంలో ఇంకొకటి. చాలా హెడ్‌స్టాకుల్లో నూనె గేర్లు తిరుగుతూ చిమ్మితేనే పై బేరింగులకు అందుతుంది. అతి తక్కువ ఫ్రీక్వెన్సీలో ఎక్కువసేపు నడిపితే ఆ చిమ్ముడు ఆగిపోతుంది. కొత్త యంత్రానికి ఇది మరీ చెడ్డది. కనిష్ఠం 25 హెర్ట్జ్ అని నేను అన్నదానికి సగం కారణం ఇదే. పైకి వెళ్లేటప్పుడు కూడా చక్ ముఖం మీద ముద్రించిన గరిష్ఠ వేగాన్ని దాటకుండా, అత్యధిక గేరులో 65 హెర్ట్జ్‌కు స్పిండిల్ ఎంత తిరుగుతుందో లెక్కవేసుకోండి.

తిరగలి

ఈ చర్చను ఆసక్తితో చదువుతున్నాను. ఇదే తరహా అమరికలో మెయిన్ బోర్డులోని ఆర్‌సీడీ (ఎర్త్‌లోకి లీకేజి ఉంటే కరెంటు తెంచే పరికరం) డ్రైవ్ వేసిన వెంటనే ట్రిప్ అవుతుంటే ఏం చేయాలి? డ్రైవ్‌లోని ఫిల్టర్ తీసేయమని కొందరు చెబుతున్నారు.

పటకారు

ఫిల్టర్ తీసేయవద్దు. దానిలోని కెపాసిటర్లు అధిక ఫ్రీక్వెన్సీ శబ్దాన్ని ఎర్త్‌లోకి పంపుతాయి కనుక కొంత లీకేజి సహజం. అది తీసేస్తే ఆ శబ్దం చుట్టుపక్కల పరికరాల్లోకి, మీ డిజిటల్ రీడౌట్ స్కేళ్లలోకి వెళుతుంది. సరైన పరిష్కారం ఆర్‌సీడీ రకం మార్చడం. ఏసీ రకం ఆర్‌సీడీ డ్రైవ్‌లకు పనికిరాదు. సింగిల్ ఫేజ్ డ్రైవ్‌కు ఎఫ్ రకమా, బి రకమా అన్నది డ్రైవ్ మాన్యువల్ చెబుతుంది. మూడు ఫేజుల ఇన్‌పుట్ డ్రైవ్‌కైతే బి రకమే కావాలి. ఆ సర్క్యూట్ మీద ఇంకేమీ లేకుండా డ్రైవ్‌కు విడి లైను ఇవ్వడం మంచిది.

లీకేజి 3.5 మిల్లీ ఆంపియర్లు దాటే శాశ్వత కనెక్షన్‌కు ఎర్త్ తీగ 10 చదరపు మిల్లీమీటర్ల రాగిది ఉండాలి, లేదా రెండో ఎర్త్ తీగ వేయాలి. మోటారు కేబుల్ షీల్డ్ ఉన్నది తీసుకుని, షీల్డ్‌ను రెండు చివరలా చుట్టూ పట్టే క్లాంపుతో ఎర్త్ చేయండి. తోకలా మెలిపెట్టి ఒక స్క్రూ కింద పెడితే సగం ప్రయోజనం పోతుంది. వేగం నాబ్ తీగలను మోటారు కేబుల్‌కు దూరంగా, వేరే షీల్డ్‌లో నడపండి.

పెట్టె గురించి కూడా ఇక్కడే చెబుతాను. సాధారణ డ్రైవ్‌లు గాలి ఆడేలా తెరిచి ఉంటాయి, లేత్ దగ్గర గాలిలో ఉండేది పోత ఇనుము దుమ్ము, కూలెంట్ తుంపర. ఆ దుమ్ము విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. మూసిన ఇనుప పెట్టెలో పెట్టండి, 1.5 కిలోవాట్ల డ్రైవ్ పూర్తి లోడ్ మీద 60–80 వాట్ల వేడి వదులుతుంది కాబట్టి పెట్టె విశాలంగా ఉండాలి, డ్రైవ్ పైనా కిందా మాన్యువల్ చెప్పిన ఖాళీ వదలాలి. ఫ్యాన్ పెడితే ఫిల్టర్ తప్పనిసరి.

ఆకురాయి

పెట్టె, ఎర్త్, ఎఫ్ రకం ఆర్‌సీడీ విషయాలు నమోదు చేసుకున్నాను. చివరిగా ఒక సందేహం: మరలు కోసేటప్పుడు కోత మధ్యలో నాబ్ తిప్పితే పిచ్ పాడవుతుందా? డ్రైవ్‌కు మోటారు వివరాలు ఇచ్చాక మొదటిసారి నడిపేటప్పుడు ఏ వరుసలో వెళ్లాలి?

దాగలి

పిచ్ పాడవదు. లీడ్ స్క్రూ (మరలు కోసేటప్పుడు క్యారేజ్‌ను జరిపే పొడవాటి మర) స్పిండిల్ నుంచి గేర్ల ద్వారానే తిరుగుతుంది కనుక మోటారు వేగం ఎంత మారినా వాటి నిష్పత్తి మారదు. అంతేకాక లీడ్ స్క్రూ అంగుళాలదై, కోసే మర మెట్రిక్‌ది అయినప్పుడు హాఫ్ నట్ (క్యారేజ్‌ను లీడ్ స్క్రూకు పట్టించేది) తెరవకుండా వెనక్కు తిప్పి తిరిగి రావాలి. అక్కడ డ్రైవ్ మెత్తగా ఆగి, మెత్తగా దిశ మార్చడం గొప్ప వరం. భుజం దగ్గర ముగిసే మరలకు వేగం తగ్గించుకుని, ఆపే సమయం ప్రతిసారీ ఒకేలా ఉండేలా చూసుకోండి. చక్ తిరుగుతుండగా గేరు లివర్లు మాత్రం ముట్టుకోకండి. వేగం తక్కువగా ఉందని ధైర్యం చేయవద్దు.

రాగితీగ

మొదటిసారి నడిపే వరుస నేను చెబుతాను. నేమ్‌ప్లేట్ చూసి వోల్టేజి 230, డెల్టా కరెంటు, 50 హెర్ట్జ్, 1430 చుట్లు నింపండి. స్టార్ కరెంటు పొరపాటున ఇస్తే డ్రైవ్ అవసరానికి ముందే ట్రిప్ అవుతుంది. తర్వాత ఆటో ట్యూన్ (డ్రైవ్ తానే మోటారు లక్షణాలను కొలుచుకోవడం) చేయండి. తిరిగే రకం ట్యూన్ అయితే బెల్టు తీసి, మోటారు ఒంటరిగా ఉండగా చేయాలి. వేగం అందుకునే సమయం మొదట మూడు సెకన్లు, ఆగే సమయం ఐదు సెకన్లు చాలు. క్యారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ సెకనుకు ఇచ్చే పల్సుల సంఖ్య) పెంచితే మోటారు కూత తగ్గుతుంది కానీ డ్రైవ్ వేడెక్కుతుంది, 4 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య మొదలుపెట్టండి.

బెల్టు ఇంకా తీసే ఉంచి, ప్రతి స్టాప్‌నూ ఒక్కొక్కటిగా పరీక్షించండి: లివర్ ముందుకు పెట్టి మెయిన్ తీసి మళ్లీ వేయడం, కవచం ఎత్తడం, పుల్లీ మూత స్విచ్ తెరవడం, పెడల్ నొక్కడం, ఎర్ర బటన్. అన్నీ సరిగ్గా ఉన్నాకే బెల్టు వేసి, చక్ లేకుండా, అత్యల్ప గేరులో 25 హెర్ట్జ్ దగ్గర తిప్పండి. లివర్ ముందుకు పెడితే స్పిండిల్ వెనక్కు తిరుగుతుంటే ఇన్‌పుట్ తీగలు మార్చి లాభం లేదు, డ్రైవ్ దానిని పట్టించుకోదు. కరెంటు తీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక, డ్రైవ్ ఔట్‌పుట్‌లోని ఏవైనా రెండు తీగలను ఒకదాని స్థానంలో మరొకటి పెట్టండి.